తుప్పు పట్టిన పాత అంబాసిడర్‌ను కొత్తదానికన్నా గట్టిగా నిలబెట్టడం ఎలా?

నాన్నగారి కారు ఇరవై ఏళ్లుగా పాకలో పడి ఉంది, బాగుచేయించవచ్చా అని టెక్కలి నుంచీ, పలాస నుంచీ, గజపతినగరం నుంచీ నన్ను అడిగేవారు ప్రతి ఏటా ఉంటారు. దాని వెంటనే వచ్చే రెండో ప్రశ్న, రంగు ఎవరు బాగా వేస్తారు అన్నది. రంగు ఈ పనిలో చివరి నాలుగో వంతు మాత్రమే కాబట్టి, ఆ ప్రశ్నకు ముందు రావలసిన పనులన్నీ వరుసగా ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం, మన ఈ రెండు జిల్లాల ఇళ్లలో ఎక్కువగా మిగిలినవి అంబాసిడర్లే కనుక ఉదాహరణలు దాని నుంచే తీసుకున్నాను. ప్రీమియర్ పద్మినికి కూడా ఇవే మెట్లు చాలావరకు సరిపోతాయి.

కొత్తదానికన్నా మెరుగ్గా అనే మాటకు నేను చెప్పుకునే అర్థం ఒక్కటే. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో తయారైన ఈ కారుకు లారీలా విడి ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు. రేకులను పెట్టెల్లా మడిచి అతికిన బాడీయే బరువు మోస్తుంది. 1960, 70 దశకాల కార్లలో ఆ మూసిన పెట్టెల లోపలి గోడలకు ఈనాటి కార్లకు దొరుకుతున్నంత రక్షణ పూత అందలేదు. అక్కడ రక్షణ కల్పిస్తే కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకన్నా మెరుగవుతుంది. అక్కడ వదిలేసి పైన అద్దంలా మెరిపిస్తే రెండు వానాకాలాల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

ఈ మాట నేను నష్టపోయి తెలుసుకున్నాను. నా మొదటి కారు 1974 నాటి మార్క్ 2. దానికి ఒక షెడ్డులో సంక్రాంతి నాటికి చక్కటి తెల్ల రంగు వేయించుకుని ఊరంతా చూపించాను. రెండో ఏడు వానలు వెనకపట్టేసరికి తలుపుల కింద రంగు బొబ్బలెక్కింది. నన్ను చూసి జాలిపడిన ఒక ముసలి టింకరింగ్ మేస్త్రి ఉలితో ఆ రేకు చీల్చి, లోపలి నుంచి దోసెడు ఎర్రటి పెళ్లలు తీసి నా చేతిలో పెట్టి, "పైనేటుంది బాబూ, లోపలిది సూడండి" అన్నాడు. కింద రాసినదంతా ఆ మాటను పట్టుకుని చేసిన పనే.

మొదలుపెట్టే ముందు కాగితాలు

ఆర్‌సీ పుస్తకం, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో రూపాయి ఖర్చు పెట్టకముందే చూసుకోండి. నంబరు కొట్టిన రేకు తుప్పు పట్టి ఉంటే దాన్ని గ్రైండింగ్ మిషన్‌తో తాకనివ్వకండి. చేత్తో, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి ఫొటో తీసి ఉంచండి. 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు చేయకుండా మొదటి రూపంలోనే ఉంచి ఉండాలి. అలా నమోదైన కారును రోజువారీ పనులకు రోడ్డుమీద తిప్పకూడదు. అందువల్ల ఆ దారి ఎంచుకుంటారా, మామూలు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుని తిప్పుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి. ఏ దారి అయినా ప్రతి దశలోనూ ఫొటోలు తీయడం మేలు.

ఏ కాలంలో ఏ పని

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఒక పక్క సముద్రపు గాలి, నౌపడ వైపు ఉప్పు మడులు, అక్టోబరు వస్తే తుపానుల భయం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఎలా కుదిపాయో మనకు గుర్తే. విప్పే పనిని, ఇంజిన్ పనిని వానాకాలంలో కప్పు కింద చేసుకోండి. రేకు పని నవంబరు, డిసెంబరులలో పెట్టుకోండి. ప్రైమరు, రంగు పనులకు సంక్రాంతి తర్వాత నుంచి మార్చి చివరి వరకు ఉన్న రోజులను కేటాయించండి. ఆ రోజుల్లో కూడా తెల్లవారుజామున మంచు పడుతుంది కనుక ఉదయం పది గంటలకు ముందు రంగు కొట్టే తుపాకీ (స్ప్రే గన్) పట్టనివ్వకండి.

కావలసినవి

జాకీతో పాటు గట్టి స్టాండ్లు నాలుగు, కోణపు మొన ఉన్న పాత స్క్రూడ్రైవర్, గుడ్డ చుట్టిన అయస్కాంతం, చిన్న సుత్తి, రేకు మందం కొలిచే వెర్నియర్. గ్రైండింగ్ మిషన్‌కు వైరు బ్రష్‌లు, గరుకు కాగితపు ముక్కలు పేర్చిన ఫ్లాప్ డిస్కులు. 0.8 మిల్లీమీటర్ల తీగతో సీఓటూ వెల్డింగ్ మిషన్, లేదా అది ఉన్న మేస్త్రి. నీటిని వడకట్టే ట్రాప్ బిగించిన కంప్రెసర్. గట్టిపరిచే ద్రవం (హార్డెనర్) విడిగా వచ్చే రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరు, రేకుల సందులు మూసే పాలీయురెథేన్ సీమ్ సీలర్, పెట్టెల లోపల కొట్టే మైనపు పూత, దానికి పొడవాటి గొట్టపు నాజిలు. గాలిలో తేమ చూపే చిన్న మీటరు, నీటిలో కరిగిన ఉప్పులు ఎంతో చూపే, మంచినీళ్ల కోసం ఇళ్లలో వాడే టీడీఎస్ మీటరు, ఫోనుకు తగిలించుకునే సన్నని కెమెరా. ఈ చివరి మూడూ తక్కువ ధరకు దొరుకుతాయి, పని మొత్తంలో ఎక్కువగా ఉపయోగపడేవి కూడా ఇవే. కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఆర్గానిక్ వేపర్ (థిన్నరు వంటివాటి ఆవిరి) వడకట్టే డబ్బీలు ఉన్న మాస్కు తప్పనిసరి. రుమాలు కట్టుకోవడం మాస్కు కాదు.

మనుషుల విషయానికి వస్తే, రేకు మడిచి అతికే పనికి లారీ బాడీలు కట్టే చేతులు చాలా బాగుంటాయి. సాలూరు వైపు అలాంటి మేస్త్రులు తరతరాలుగా ఉన్నారు. ప్రైమర్లు, మైనపు పూతలు స్థానికంగా దొరకకపోతే విశాఖపట్నం వెళ్లి తెచ్చుకోవడమే మంచిది. దొరికిన దానితో సరిపెట్టుకోకండి.

1. గీకి, గుచ్చి, కొట్టి చూడండి

కారును స్టాండ్ల మీద పెట్టి, అడుగు భాగాన్ని నీళ్లతో కడిగి ఆరనిచ్చి, గంట సేపు కింద పడుకుని చూడండి. అయస్కాంతం అంటుకోని చోట లప్పమో, ఫైబరో ఉందని అర్థం. సుత్తితో మెల్లగా కొడితే మంచి రేకు కణకణమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోటల్లా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా గుచ్చండి. గుచ్చితే దిగే రేకు ఎలాగూ ఉండకూడనిదే కనుక మొహమాటం వద్దు.

అంబాసిడర్‌లో తప్పక చూడవలసిన చోట్లు ఇవి. తలుపుల కింద బాడీ పొడవునా సాగే మూసిన పెట్టె, దీన్ని ఇక్కడి నుంచి గడప అనే పిలుస్తాను. ముందు సీటులో కాళ్లు పెట్టే చోటు, వెనక సీటు కింద, డిక్కీ అడుగు, స్టెప్నీ పెట్టే గూడు, తలుపుల అడుగు అంచులు, బ్యాటరీ పళ్లెం, ముందు అద్దం కింది రబ్బరు చుట్టూ, మడ్‌గార్డు లోపల మట్టి పేరుకునే మూలలు, వెనక కమాను కట్టలు బాడీకి తగిలే చోట్లు, ముందు టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) వెనక కొన పట్టి ఉండే అడ్డ దూలం. చివరి రెండు చోట్లనూ తుప్పు తింటే అది అందానికి సంబంధించిన లోపం కాదు. రోడ్డుమీద బండి కుంగిపోతుంది. ఈ రెండు చోట్లా, రెండు గడపలూ, నేలా అన్నీ పోయి ఉంటే, ఆ కారును విడిభాగాల కోసం ఉంచుకుని ఇంకో బాడీ వెతుక్కోమని చెప్పడమే నిజాయితీ.

పైన తార్లాంటి అండర్ బాడీ కోటింగు దట్టంగా ఉంటే అది మంచి రేకును కాపాడిందని సంబరపడకండి. గీకి చూస్తే గానీ తెలియదు. తుప్పు మీద వేసిన తారు తేమను బయటికి పోనివ్వదు.

2. ఫొటో తీసి విప్పండి

ప్రతి బోల్టునూ విప్పే ముందు మూడు వైపుల నుంచి ఫొటో తీయండి, ప్రతి భాగపు బోల్టులను విడి సంచిలో వేసి పేరు రాసి కట్టండి. ఇది చదవడానికి తేలికగా ఉంటుంది, నాలుగో నెలలో వైపరు మోటారు బిగించేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, వైరింగు, సీట్లు, అద్దాలు, బీడింగులు అన్నీ బయటికి రావాలి. అద్దం తీయకుండా రబ్బరు చుట్టూ టేపు అంటించి రంగు వేసే పద్ధతిని ఒప్పుకోకండి, తుప్పు మొదలయ్యేది ఆ రబ్బరు కిందే.

జాగ్రత్తలు రెండు. టార్షన్ బార్ మెలితిరిగిన బలంతో బిగుసుకుని ఉంటుంది కాబట్టి దాన్ని తెలిసిన మెకానిక్ చేతే వదులు చేయించండి, దాని మీద గ్రైండింగ్ గీత గానీ, వెల్డింగ్ నిప్పురవ్వ గానీ పడనివ్వకండి. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరం. లోపల మిగిలిన ఆవిరి చిన్న నిప్పుకే పేలుతుంది. ట్యాంకుకు ఎవరు వెల్డింగ్ చేస్తామన్నా వద్దని చెప్పండి.

3. కట్టుదిట్టం చేసి, కోసి, అతకండి

గడపలు బరువు మోసే భాగాలు కనుక వాటిని కోయగానే బాడీ నడుము వంగుతుంది. కోయకముందు తలుపులు ఉన్నచోటే ఉంచి, ప్రతి తలుపు చుట్టూ సందు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోండి. తర్వాత తలుపు తీసి, తలుపు ఖాళీకి అడ్డంగా, మూలగా చదరపు గొట్టాలు తాత్కాలికంగా అతకండి. ఒక పక్క పూర్తిగా ముగిసే వరకు రెండో పక్క కోయనివ్వకండి. ఈ కొలతలు వదిలేసినవారే తర్వాత తలుపు పడడం లేదని తలుపు అంచును సుత్తితో కొట్టి సరిచేసుకుంటారు.

రేకు విషయంలో, పాత రేకు చెడని చోట వెర్నియర్‌తో కొలిచి అదే మందం వాడండి. నేలకు, గడప లోపలి గోడకు 18 గేజి, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు, బయటి రేకుకు 20 గేజి, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు నేను వాడతాను. మామూలు సీఆర్ రేకు (పూత లేని ఉక్కు రేకు) తీసుకోండి. తుప్పు పట్టదని జింకు పూత ఉన్న జీఐ రేకు ఇస్తామంటారు. దాని మీది జింకు వెల్డింగ్ వేడికి మరిగి అతుకులో బుడగలు వదులుతుంది, ఆ పొగ పీల్చిన మేస్త్రికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది.

తుప్పు కనిపించిన అంచు దగ్గరే కోయకుండా, మెరిసే మంచి రేకు వచ్చే వరకు లోపలికి వెళ్లి కోయండి. పాత రేకు మీద కొత్త రేకు కప్పి చుట్టూ అతకడం మన షెడ్లలో ఎక్కువగా జరిగే తప్పు. రెండు రేకుల మధ్య చిక్కిన తేమకు దారి ఉండదు. అంచుకు అంచు ఆనించి, బయటి రేకు మీద ఒకేసారి 10 నుంచి 20 మిల్లీమీటర్లకు మించకుండా, ఒక చోట అతికి దూరంగా ఉన్న ఇంకో చోటికి వెళ్తూ పని సాగాలి. వరసగా గీసుకుంటూ పోతే రేకు వేడికి అలలుగా వంకర్లు పోతుంది.

పరీక్ష: అతుకు ఒక పక్క పల్చటి సున్నం పూసి ఆరనిచ్చి, రెండో పక్క కిరోసిన్ రాసి అరగంట ఆగండి. సున్నం మీద తడి మచ్చ కనిపించిన చోట సూదిబెజ్జం ఉంది. దాన్ని గుర్తుపెట్టి, కిరోసిన్ పూర్తిగా తుడిచి, థిన్నరుతో కడిగి, అది ఆరాకే మళ్లీ అతకాలి. తర్వాత తలుపు పెట్టి మొదటి కొలతలతో సరిచూడండి. గొట్టాలు తీసేది అవి కలిసిన తర్వాతే.

4. తుప్పు తీయండి

భాగాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

బాడీ బయటి రేకులకు ఫ్లాప్ డిస్కు, వైరు బ్రష్ చాలు. గుంటల్లో నల్లగా మిగిలినదాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్‌తో తీసి, అది ఎండిపోకముందే నీళ్లతో పూర్తిగా కడగాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక దాన్ని పొడిగా గీకి దుమ్ము లేపకండి, తడిపి గీకండి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి.

అడ్డ దూలాలు, చక్రాల డిస్కులు, బరువైన బ్రాకెట్లకు బ్లాస్టింగ్ (ఇసుక వంటి రేణువులను గాలితో వేగంగా కొట్టడం) చేయించడం మంచిది. బానెట్టు, తలుపులు, పైకప్పు వంటి వెడల్పు రేకులను మాత్రం బ్లాస్టింగ్‌కు పంపకండి. ఆ తాకిడికి అవి పళ్లెంలా వంగిపోతే తిరిగి తిన్నగా చేయడం చాలా కష్టం.

కీళ్లు, బ్రాకెట్లు, తాళాల వంటి చిన్న వస్తువులకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) బాగా పనిచేస్తుంది. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న బ్రష్‌తో రుద్ది, తినే సోడా కలిపిన నీటిలో ముంచి, కడిగి వెంటనే ఆరబెట్టండి. కమాను పట్టీలు, స్ప్రింగులు, గట్టి బోల్టులు మాత్రం ఏ ఆమ్లంలోనూ నానబెట్టకూడదు. లోహంలోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారి, తర్వాత బరువు పడినప్పుడు విరుగుతాయి.

లోపలి మూలలు చేతికి అందని వస్తువులకు కరెంటు పద్ధతి ఉంది. ప్లాస్టిక్ తొట్టెలో లీటరుకు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా కలిపి, బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్ తీగను తుప్పు వస్తువుకు, పాజిటివ్ తీగను పనికిరాని మామూలు ఇనుప ముక్కకు తగిలించి, రెండూ తాకకుండా ముంచాలి. స్టీలు గిన్నె ముక్కను పాజిటివ్‌గా వాడితే నీటిలోకి విషపు క్రోమియం దిగుతుంది. ఉప్పు వేస్తే విషవాయువు వస్తుంది. తొట్టె నుంచి లేచే బుడగలు మండే హైడ్రోజన్ కనుక ఆరుబయట పెట్టండి, ఛార్జర్ స్విచ్ ఆపకుండా చెయ్యి ముంచకండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. బాత్రూములు కడిగే యాసిడ్ కారు దగ్గరికి తేకండి. తుప్పు నిమిషాల్లో కరుగుతుంది, చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కానీ అందులోని క్లోరైడు మడతల్లో దాగి ప్రైమరు కింద మళ్లీ తుప్పు లేపుతుంది. దాని ఆవిరి తగిలిన పక్క పనిముట్లు కూడా తెల్లారేసరికి ఎర్రబారతాయి. నా మొదటి కారు గడపలకు జరిగిన చికిత్స అదే.

5. ఉప్పు కడగండి

లోపలి ప్రాంతాల్లో రాసిన పుస్తకాల్లో ఈ మెట్టు సాధారణంగా కనబడదు, తీరం దగ్గర ఉన్న మనకు మాత్రం ఇదే ప్రాణం. తుప్పు తీసేసిన రేకు గుంటల్లో కంటికి కనిపించని ఉప్పు మిగిలి ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు తిరిగిన కార్లకు, వరదనీరు ఎక్కిన కార్లకు ఇది మరీ ఎక్కువ. దాని మీద ఎంత ఖరీదైన ప్రైమరు వేసినా ఉప్పు తేమను లాగి బొబ్బ లేపుతుంది.

కడగడానికి మీ బోరు నీళ్లు పనికొస్తాయో లేదో ముందు టీడీఎస్ మీటరుతో చూడండి. తీరంలో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. పట్టి ఉంచిన వాననీరు గానీ, ఆర్‌ఓ నీరు గానీ వాడండి. వేడి నీటితో, నైలాన్ బ్రష్‌తో రుద్ది కడిగి, కిందికి కారిన నీటిని చిన్న గిన్నెలో పట్టి మీటరు పెట్టండి. పోసిన నీటి అంకెకూ, కారిన నీటి అంకెకూ తేడా దాదాపు లేకుండా పోయే వరకు మళ్లీ మళ్లీ కడగాలి. నేను ఒక నేల పలకను ఐదుసార్లు కడిగాను.

వెంటనే గాలి కొట్టి, వేడి గాలి తుపాకీతో మడతలు ఆరబెట్టి, అదే రోజు, వీలైతే నాలుగు గంటల్లోపే ప్రైమరు వేయాలి. అందుకే కారంతా ఒకేసారి తుప్పు తీసి పెట్టుకోవద్దు. ఒక రోజులో ప్రైమరు వేయగలిగినంత భాగాన్నే ఆ రోజు శుభ్రం చేయండి. పైన సన్నటి నారింజ రంగు పొర కనిపిస్తే మళ్లీ రుద్ది, తుడిచి, అప్పుడే వేయాలి.

6. ఎపాక్సీ ప్రైమరు, సీమ్ సీలర్

తేమ మీటరు 85 శాతం దాటితే ఆ రోజు పని లేదు. దానితోపాటు, రేకు వేడి మంచు బిందువుకన్నా (గాలిలోని తేమ నీరుగా పట్టడం మొదలయ్యే వేడికన్నా) కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలుండి తేమ 85 శాతం ఉంటే దాదాపు 27 డిగ్రీల రేకు మీదే నీరు పట్టడం మొదలవుతుంది, అంటే నీడలో చల్లగా ఉన్న రేకు మీద కంటికి కనిపించకుండానే తడి ఉంటుంది. 28 డిగ్రీలు, 70 శాతం ఉన్న మాఘమాసపు మధ్యాహ్నం ఆ ఇబ్బంది ఉండదు.

షెడ్డులో రెడ్ ఆక్సైడ్ ప్రైమరు చాలంటారు. ఇంటి గేటుకు చాలు. ఒక డబ్బా రెడ్ ఆక్సైడ్ తేమను పూర్తిగా ఆపలేదు, పైన వేసే థిన్నరుకు కరుగుతుంది కూడా. రెండు డబ్బాల ఎపాక్సీని తయారీదారు చెప్పిన కొలతకే కలిపి, పలుచగా రెండుసార్లు కోటు వేయించండి. మొత్తం మందం 50 నుంచి 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే సరి. కలిపిన ఎపాక్సీకి గడువు ఉంటుంది, చిక్కబడ్డాక థిన్నరు పోసి బతికించే ప్రయత్నం చేయకండి. ఆమ్లపు మరకలు మిగిలిన రేకు మీద ఎపాక్సీ పట్టదు, ఐదో మెట్టులోని కడుగుడు దీనికీ అవసరమే.

మొదటి కోటు తర్వాత రేకులు కలిసిన ప్రతి సందులోనూ సీమ్ సీలర్ వేలితో అదిమి పెట్టించండి. ఫ్యాక్టరీలో కొన్నిచోట్లే పెట్టేవారు, మీరు అన్నిచోట్లా పెట్టవచ్చు. కానీ తలుపుల అడుగున, గడపల అడుగున నీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు. పని మొదలుకాక ముందే వాటిలో చిన్న చెక్క మేకులు దూర్చి ఉంచి, చివర తీసేయడం మంచి అలవాటు.

పరీక్ష: కారుతోపాటే ఒక నమూనా రేకుకు కూడా ప్రతి కోటూ వేయించండి. వారం ఆగి, బ్లేడుతో గళ్లు గీసి, సెల్లో టేపు అంటించి విసురుగా లాగండి. గళ్లు ఊడిరాకూడదు. థిన్నరులో ముంచిన గుడ్డతో రుద్దితే రంగు గుడ్డకు అంటకూడదు. అంటితే హార్డెనర్ తగ్గిందన్నమాట.

7. లప్పం, రంగు

లప్పం నీటిని పీల్చే పదార్థం. అందుచేత వట్టి రేకు మీద కాకుండా, గీకి గరుకు చేసిన ఎపాక్సీ మీదే వేయించండి, 2 మిల్లీమీటర్లకు మించనివ్వకండి. అంతకన్నా గుంట ఉంటే సుత్తి, డాలీలతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మెలతో) రేకునే తిన్నగా చేయాలి. లప్పాన్ని వాటర్ పేపరుతో తడిపి రుద్దడం మన దగ్గర అందరూ చేసే తప్పు. పొడిగా 80, తర్వాత 180 నంబరు పేపరుతో రుద్ది, పైన మళ్లీ ప్రైమరు పడ్డాకే నీటి పని.

రంగు గురించి ఇక్కడ ఎక్కువ రాయను, మంచి పెయింటర్లు మనకున్నారు. హార్డెనర్ కలిపే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. రంగు కొట్టే మనిషికి బయటి గాలి అందే మాస్కు ఉండాలని మీరే పట్టుబట్టండి, దాని ఖర్చు మీరే పెట్టండి. కంప్రెసర్ ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదిలేశాకే పని మొదలుపెట్టించండి.

8. పెట్టెల లోపల మైనం

రంగు గట్టిపడిన తర్వాత, సీట్లూ మ్యాట్లూ వేయకముందు చేయవలసిన ఈ పనే కారును కొత్తదానికన్నా మెరుగు చేస్తుంది. గడపలు, తలుపుల లోపలి భాగం, అడ్డ దూలాలు, డిక్కీ మూత మడతలు, తలుపుల మధ్య స్తంభాలు, హెడ్‌లైట్ల వెనక గూళ్లు, అన్నిటిలోకీ పొడవాటి గొట్టం చివరి దాకా దూర్చి, కొడుతూ నెమ్మదిగా వెనక్కి లాగాలి. ఒక కారుకు నాలుగైదు లీటర్లు పట్టవచ్చు. చలిగా ఉంటే డబ్బాను వేడినీళ్ల బకెట్‌లో పెట్టి పలుచన చేసుకోండి, పొయ్యి మీద పెట్టకండి.

ప్రతి రంధ్రం నుంచి మైనం కారాలి, కారని చోట మళ్లీ కొట్టాలి. మరునాడు సన్నని కెమెరా లోపలికి పంపి, రేకు మెరుపు కనిపించిన చోట్లు గుర్తించి నింపండి. ఆ తర్వాత తీగతో నీటి రంధ్రాలన్నీ తెరవండి. మైనం కొట్టిన పెట్టెకు వెల్డింగ్ చేస్తే అంటుకుంటుంది, అందుకే రేకు పని ఏదీ మిగల్చకుండా ఇక్కడికి రావాలి.

దీనికి బదులుగా ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిలు కొట్టమని చాలామంది సలహా ఇస్తారు. అందులో ఆమ్లాలు ఉంటాయి, రబ్బరును పాడుచేస్తుంది, నేలలోకి కారుతుంది.

9. తిరిగి బిగించడం

బ్రేకు పైపులు, హోసులు, సిలిండర్ల రబ్బర్లు బాగున్నట్టు కనిపించినా అన్నీ కొత్తవి వేయండి. బ్రేకు డ్రమ్ముల్లోని పాత దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది పాత పెట్రోలు గొట్టాలను పాడుచేస్తుంది, తేమను లాగుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేసి, ట్యాంకు లోపల నిమ్మ ఉప్పుతో శుభ్రం చేయించి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి.

మ్యాటు కింద గోనె, నూలు ఉన్ని పరచకండి. గోగునార మన ప్రాంతపు పంటే అయినా కారు నేలకు అది తడిగుడ్డతో సమానం. నీటిని పీల్చని ఫోము వేసుకోండి. బంపర్లకు కొత్తగా క్రోమ్ చేయిస్తే వాటి వెనక వైపు కూడా ఎపాక్సీ, మైనం పడాలి.

10. నీటి పరీక్ష

మ్యాట్లు, సీట్లు లేకుండా ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోండి, ఇంకొకరు పైపుతో కింది నుంచి పైకి, ఒక్కో భాగం మీద పది నిమిషాలు నీరు పట్టండి. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తేలదు. ముందు అద్దం మూలలు, గాలి వచ్చే తలుపు, డిక్కీ రబ్బరు, ఇవే ఎక్కువగా కారతాయి. ఆగాక తలుపుల, గడపల అడుగు రంధ్రాల నుంచి నీరు బయటికి వస్తోందా చూడండి. తలుపులో నీరు పడడం సహజం, అది బయటికి పోవడమే ముఖ్యం.

11. ఉంచే చోటు, తర్వాతి ఏడాది

ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పకండి, కింద చెమట పడుతుంది. గాలి ఆడే షెడ్డులో, సిమెంటు గచ్చు మీద, పలుచటి నూలు గుడ్డ చాలు. పక్కన గడ్డికుప్ప, ధాన్యపు బస్తాలు లేకుండా చూసుకోండి. ఎలుకలు సీటు కింద గూడు పెడితే వైర్లతోపాటు వాటి మూత్రం పడిన నేల రేకు కూడా పోతుంది. ఉద్దానం వైపు జీడిమామిడి, కొబ్బరి తోటల్లో నిలిపేవారు అద్దం కింది జాలీలో, బానెట్టు అంచుల్లో చేరే ఆకులను వారానికోసారి తీయాలి. సముద్రపు ఒడ్డుకు వెళ్లి వచ్చిన రోజే అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగండి.

మొదటి వానాకాలం అయిపోయాక, దీపావళి లోపు, కారును మళ్లీ స్టాండ్ల మీద పెట్టి ప్రతి రంధ్రంలోనూ తీగ ఆడించి కెమెరా పంపండి. మైనం ఎండి పగిలిన చోట మళ్లీ కొట్టండి, ఆ తర్వాత రెండేళ్లకోసారి చాలు. రంధ్రం కింద తెల్లటి గుడ్డ పరిచి ఒక రాత్రి వదిలేస్తే పొద్దున్నకు దాని మీద మైనపు మరకో, నీటి మరకో ఉండవచ్చు, వాటికి కంగారుపడనక్కరలేదు. ఎర్ర మరక కనిపిస్తే మాత్రం వచ్చే ఏడాది దాకా ఆగకుండా ఆ పెట్టెను ఆ వారమే తెరిపించి చూడండి.